కాంగ్రెస్–కమ్యూనిస్టు మైత్రి, వైరం (ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు, 1934–1955)

నిజాం ప్రభుత్వం మీద ఒకే కాలంలో పోరాడిన కాంగ్రెస్, కమ్యూనిస్టు పార్టీలు ఆ పోరు ముగియగానే పరస్పరం శత్రువులైన ఉదంతం ఇది. 1945 తర్వాత అమెరికా, సోవియట్ యూనియన్ విడిపోయిన తీరుతో దీన్ని పోల్చడం పరిపాటి. పోలిక కొంతవరకే నిలుస్తుంది. తెలుగునాట తగువుకు మూలం భూమి. తుపాకీ పోరుకు కేంద్రం తెలంగాణ. ఆ తగువు చట్టసభలోనూ ఎన్నికల్లోనూ నడిచిన తీరు మాత్రం కోనసీమతో సహా కోస్తా డెల్టాల్లోనే బాగా తెలుస్తుంది.

మొదట్లో ఇద్దరిదీ ఒకే గూడు. 1934లో కమ్యూనిస్టు పార్టీని నిషేధించాక పుచ్చలపల్లి సుందరయ్య వంటివారు కాంగ్రెస్ సోషలిస్టు పార్టీలో ఉంటూనే పనిచేశారు. రైతు సంఘాల్లో ఎన్.జి. రంగా అనుచరులూ వాళ్లూ కలిసే తిరిగారు. 1940లో సోషలిస్టులు కమ్యూనిస్టులను బయటికి పంపితే, ఆంధ్ర శాఖ మొత్తంగా కమ్యూనిస్టుల వైపే వచ్చేసింది. 1941 జూన్‌లో హిట్లర్ రష్యా మీద పడ్డాక కమ్యూనిస్టులకు రెండో ప్రపంచయుద్ధం ‘ప్రజాయుద్ధం’ అయింది. 1942 జులైలో వారి పార్టీపై నిషేధం తొలగింది, ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చి కాంగ్రెస్ నాయకులు జైళ్లకు వెళ్లారు. వాళ్లు లోపల ఉండగా వీళ్లు బయట తమ పత్రిక ‘ప్రజాశక్తి’ నడుపుకున్నారన్న కక్ష ఎన్నేళ్లకూ చల్లారలేదు.

ఇంత జరిగాక కూడా 1947లో మళ్లీ కలిశారు. ఆ ఏడాది జనవరిలోనే మద్రాసులో ప్రకాశం పంతులు కాంగ్రెస్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కమ్యూనిస్టులను జైళ్లలో పెట్టింది. అయినా సెప్టెంబరు వచ్చేసరికి హైదరాబాద్ సంస్థానం సరిహద్దుల్లో ఇరుపక్షాల శిబిరాలూ వెలిశాయి. ఊళ్లలో మువ్వన్నెల జెండా ఎగరేయడం, సరిహద్దు సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకాలను తగలబెట్టడం, నిజాం ఖజానాకు రాబడి తెచ్చే తాటిచెట్లను నరకడం ఇరువైపులవారూ చేసిన పనులే. ఎదుట నిజాం పక్షపు సాయుధ దళాలైన రజాకార్లు ఉన్నంతకాలం భూమి ప్రశ్న వెనక్కి జరిగింది. అప్పటికే కమ్యూనిస్టు దళాలు దేశ్‌ముఖులనే పెద్ద భూస్వాముల భూములు పంచుతున్నాయి. కాంగ్రెస్ కోరింది సంస్థానం యూనియన్‌లో కలవడం.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. కాంగ్రెస్ పని పూర్తయింది. పంచిన భూమిని దొరల చేతికి తిరిగి పోనివ్వకూడదన్న పట్టుదలతో కమ్యూనిస్టులు తుపాకులు దించలేదు. అదే సైన్యం వాళ్ల మీదికి తిరిగింది. 1951 తొలి నెలల్లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య మరో ఇద్దరు నాయకులతో రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిశారు. ఆ అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. మాస్కో సలహా ఎంత పనిచేసిందన్నది ఇప్పటికీ వాదనే. అడవుల్లో మిగిలిన దళాల అలసట కూడా తక్కువ కారణమేమీ కాదు.

భూమి ప్రశ్నకు కాంగ్రెస్ ఇచ్చిన జవాబులో కోనసీమ చేయి ఉంది. అంబాజీపేట దగ్గరి ముక్కామలకు చెందిన కళా వెంకటరావు మద్రాసు రెవెన్యూ మంత్రిగా ఉండగా 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. నష్టపరిహారం ఇచ్చి జమీందారును తప్పించడం, సాగుదారు రైతుకు రైతువారీ పట్టా ఇవ్వడం దాని సారం. పైనున్న జమీందారు పోయాడు, కింద కౌలుకు చేసేవాడి సంగతీ ఏడాది జీతానికి కుదిరిన పాలేరు సంగతీ చట్టానికి పట్టలేదు. పరిహారం లేకుండా దున్నేవాడికే భూమి అన్న కమ్యూనిస్టుల మాట డెల్టా పేటల్లో చెవికెక్కింది అందుకే. 1952 ఎన్నికల్లో వెంకటరావు స్వయంగా ఓడిపోయారు. రాజమండ్రి ద్విసభ్య లోక్‌సభ స్థానంలో కమ్యూనిస్టు కానేటి మోహనరావు, సోషలిస్టు నల్లా రెడ్డినాయుడు గెలిచారు. మద్రాసు శాసనసభకు ఆంధ్ర జిల్లాల నుంచి కమ్యూనిస్టులు 41 మంది వెళ్లారు.

మద్రాసు నుంచి విడివడిన ఆంధ్ర రాష్ట్రంలో 1955 ఫిబ్రవరి నాటి ఎన్నికలకు ప్రపంచ రాజకీయాల నీడ పడింది. జనవరిలో ఆవడి సభలో కాంగ్రెస్ సోషలిస్టు తరహా సమాజం తన లక్ష్యమని తీర్మానించి, ఎదుటివాళ్ల నినాదాన్ని సగం లాగేసుకుంది. అదే నెలలో మాస్కో పత్రిక ‘ప్రావ్దా’ నెహ్రూను మెచ్చుకుంటూ సంపాదకీయం రాయడంతో కాంగ్రెస్ దాన్ని ప్రచారంలో బాగా వాడుకుంది. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలోని ‘ఆంధ్రప్రభ’ కమ్యూనిస్టుల మీద కత్తి దూసింది. ఒకప్పటి రైతు సంఘాల సహచరుడు రంగా కృషికార్ లోక్ పార్టీతో, ప్రకాశం ప్రజా పార్టీతో కాంగ్రెస్ పక్కన నిలిచారు. 196 స్థానాల్లో ఈ కూటమికి 146 వచ్చాయి, కమ్యూనిస్టులకు 15. జనం కమ్యూనిజాన్ని తిరస్కరించారని అప్పట్లో రాసినవాళ్లు ఓట్ల లెక్క చూసినట్టు లేదు: సీట్లు పడిపోయినా కమ్యూనిస్టుల ఓట్లు 31 శాతానికి పెరిగాయి. 1952లో చీలిన ఎదుటి ఓటు ఈసారి ఒక్కచోటికి చేరింది, అంతే.

మరుసటి ఏడాదే కౌలుకు పరిమితి విధిస్తూ ఆంధ్ర కౌలుదారీ చట్టం వచ్చింది. కాంగ్రెస్‌తో చెలిమా, వైరమా అన్న ప్రశ్న మాత్రం కమ్యూనిస్టులను వదల్లేదు. 1964లో ఆ పార్టీ రెండుగా చీలడానికి కారణాల్లో అదీ ఒకటి. 1975లో ఎమర్జెన్సీ వచ్చినప్పుడు సి.పి.ఐ. ఇందిరా గాంధీని సమర్థించింది, సి.పి.ఎం. వ్యతిరేకించింది.