క్షయవ్యాధి లెక్కలలో హారము

క్షయవ్యాధితో మన దేశము సలిపిన పోరాటములో అనంతపురము జిల్లా కొక స్థానము గలదు. ఆ సంగతి ఆ జిల్లావారే అంతగా నెఱుగరు. రోగిని ఇంటనే యుంచి మందిచ్చు పద్ధతిని ఒక జిల్లా యంతటను నడిపి చూడవలెనని తలచి, బెంగుళూరులోని జాతీయ క్షయవ్యాధి సంస్థవారు 1961 ప్రాంతమున మొదట నెన్నుకొన్నది ఈ జిల్లానే. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అప్పుడు ఇందులోని తాలూకా పట్టణములు. 2022లో నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నవి నేడు చేరియున్నవి.

అంతకుముందు క్షయ యనగా శానిటోరియమే. మన రాయలసీమలో మదనపల్లెచెంత 1915లో వెలసిన ఆరోగ్యవరము అట్టిదే. అయితే 1955 మొదలు 1958 వఱకు జరిగిన దేశవ్యాప్త పరిశీలనమున, ఈ వ్యాధి పట్టణములలో నెంతయో పల్లెలలోను అంతయే యని తేలినది. అన్ని లక్షలమందికి మంచములెక్కడివి? 1956లో మదరాసున నెలకొల్పిన చికిత్సాకేంద్రమువారు దీనికి సమాధానము కనుగొనిరి. రోగులను కొందఱను శానిటోరియములోను కొందఱను తమ పేదయిండ్లలోను ఉంచి ఒకే మందిచ్చి చూడగా, గుణము రెండు తెగలకును ఇంచుమించు సమానముగానే యుండెను. ఇంటివారికి అంటునను భయము సైతము అధికము కాలేదు. ఆ ఫలితము 1959లో వెల్లడియైనది.

అనంతపురమున నడిపి చూచిన యేర్పాటు ఇంతే: దగ్గుతో తానై సామాన్య వైద్యశాలకు వచ్చినవాని కఫమును సూక్ష్మదర్శినితో పరీక్షించుట, క్షయ యని తేలినచో మందు ఇంటికిచ్చి పంపుట. రోగులకై ఊరూర వెదకుట లేదు, ప్రత్యేక భవనములు లేవు. మఱి పల్లెవాడు తానై వచ్చునా? వాని అజ్ఞానమే వాని శత్రువని చదువుకొన్నవారము మనము ఎన్నాళ్లుగనో ఉపన్యసించుచుంటిమి గదా!

హిందూపురమునకు పొరుగుననే యున్న తుమకూరు జిల్లాలో బెనర్జీ, ఆండర్సన్ అను పరిశోధకులు ఈ ప్రశ్ననే పట్టుకొనిరి. అందలి పావగడ ప్రాంతమున తెలుగే యింటిమాట. కావున ఆ జనము మనకు పరాయివారు కారు. 1963లో ప్రకటించిన ఫలితము ఉపన్యాసకులకు సిగ్గుచేటు. క్షయరోగులలో నూటికి సుమారు 95 మంది తమ బాధను గుర్తెఱిగియే యుండిరి. సగమునకు పైగా అప్పటికే వైద్యునొద్దకు పోయి వచ్చిరి. పోయినవారికి దొరకినదేమి? దగ్గుమందు సీసా. రోగి గడప త్రొక్కినాడు. గడపలోపలివారు వానిని గుర్తింపలేదు.

మేము చెప్పదలచిన లెక్క యిక్కడనే మొదలగుచున్నది. బెంగుళూరు చుట్టుపట్ల పల్లెలలో 1961 మొదలు 1968 వఱకు చికిత్స లేని రోగులను గమనింపగా, ఐదేండ్లలో ఇంచుమించు సగము మంది మరణించిరి. మూడవవంతు మంది మందు లేకయే క్రిమిరహితులైరి. తక్కినవారు వ్యాధిని పంచుచునే యుండిరి. కాబట్టి ఇంతమంది బాగుపడిరని చెప్పుకొను ఏ పద్ధతియైనను, మందు లేకయే బాగుపడు ఆ మూడవవంతును మొదట తీసివేసికొనవలెను. 1992లో ప్రభుత్వమువారును ప్రపంచ ఆరోగ్యసంస్థవారును కూడి విమర్శించినపుడు, చికిత్స మొదలిడినవారిలో దానిని ముగించినవారు నూటికి 40 మందియైనను లేరని తేలెను. ముగించుట వేఱు, బాగుపడుట వేఱు. ఆ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి సరిచూడరాదు. అయినను ముప్పదియేండ్ల కృషికి ఆ అంకె ఎంత చిన్నది!

మందు మానినవానికి రిజిస్టరులలో పెట్టిన పేరు డిఫాల్టరు. అప్పు తీర్పనివాని కిచ్చు పేరది. మందులు నిండుకొన్న వైద్యశాలకు మాత్రము అట్టి పేరెవ్వరును పెట్టలేదు.

1993లో ఆరంభించిన సవరించిన కార్యక్రమము 2006 నాటికి దేశమంతట వ్యాపించినది. చికిత్సకు చేరినవారిలో నూటికి 85 మంది దానిని ముగించుచున్నారని దానికి కీర్తి వచ్చినది. 2016లో వెలువడిన యొక పరిశోధన 2013నాటి రోగులందఱను హారముగా తీసికొని చూచెను. నూఱుగురిలో ప్రభుత్వ పరీక్షాకేంద్రమునకు చేరినవారు 72, రోగము నిర్ణయమైనవారు 60, చికిత్సకు నమోదైనవారు 53, ముగించినవారు 45, మఱియొక యేడు వ్యాధి తిరుగబెట్టక జీవించినవారు 39. పాఠకులు గుణించి చూడవచ్చును: 53లో 45 అనగా నూటికి 85. కీర్తియు అబద్ధము కాదు. హారములో 53 వేసిన 85 వచ్చును, నూఱు వేసిన 45 వచ్చును. మొదటి లెక్కలో కనబడని ఆ 47 మందియు తుమకూరులో దగ్గుమందు సీసా పుచ్చుకొని వెడలిపోయినవారి వారసులే.

వ్యయము సంగతియు నట్టిదే. ధర్మవరమున గుంటమగ్గముపై పట్టుచీర నేయువాడు లేచి పోయినచో మగ్గము నిలిచిపోవును. వారమునకు మూడుమార్లు ఒకరి యెదుట మాత్రలు మ్రింగవలెనను నియమమున్న కాలమున, ఉచితవైద్యము వానికి ఎన్ని దినముల కూలిని హరించెనో మందుల లెక్కలో కానరాదు. 2017లో దినదిన చికిత్స దేశమంతటికి వచ్చినది. 2018 నుండి రోగికి ఆహారమునకై నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు నుండి 1000 రూపాయలును ఏర్పఱచిరి. అది మగ్గము నిలిచిన దినములకు సరిపోవునో లేదో, ఈ మూడు పట్టణములలో రోగుల యిండ్లకు పోయి అడిగి వ్రాసికొనవలసియున్నది.