టు-లెట్ బోర్డు వెనుక కులం: నగరంలో అద్దె ఇల్లు వెతికే మనవాళ్లు తెలుసుకోవాల్సినవి

ఊళ్లో వెలివాడ ఎక్కడుందో అందరికీ తెలుసు. నగరంలో దానికి హద్దురాయి ఉండదు. టు-లెట్ బోర్డు కింద 'వెజిటేరియన్లకు మాత్రమే' అని చిన్న అక్షరాలు ఉంటాయి. ఫోన్ చేస్తే అద్దె ఎంతో చెప్పకముందే ఇంటిపేరు, సొంతూరు అడుగుతారు. 'మనోళ్లేనా?' అని సూటిగా అడిగేవాళ్లూ ఉన్నారు. కోచింగ్ కోసం అశోక్‌నగర్, చిక్కడపల్లికో, ఉద్యోగం కోసం మాదాపూర్ వైపుకో వచ్చే మన పిల్లలు హైదరాబాద్‌లో రాసే మొదటి పరీక్ష ఇదే. ఈ పరిస్థితిలో చట్టం ఎంతవరకు తోడుంటుందో, ఎక్కడ చేయి వదిలేస్తుందో ఇక్కడ ఒకచోట చేర్చాం.

ఇది ఒకరిద్దరి అనుభవం కాదు

1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరిన అంబేడ్కర్‌కు ఊరంతా వెతికినా ఇల్లు దొరకలేదు. విదేశాల్లో చదివొచ్చిన ఆయన పార్శీల సత్రంలో తలదాచుకుంటే, కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయించారు. చదువు, హోదా ఉంటే ఇల్లు దానంతటదే దొరుకుతుందన్న మాట అప్పుడే అబద్ధమని తేలింది.

సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో చేసిన అధ్యయనం 2015లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో వచ్చింది. ఫోన్‌లో ఇల్లు అడిగిన అగ్రకులాల వాళ్లకు దాదాపు అందరికీ సరేనన్నారు. దళితుల్లో 59 శాతం మందికే ఆ మాట దక్కింది. 18 శాతం మందికి లేదన్నారు. మిగతావాళ్లకు షరతులు పెట్టారు. ముస్లింల పరిస్థితి ఇంకా అన్యాయం. అదే పత్రికలో 2012లో త్రినా వితయతిల్, గాయత్రీ సింగ్ హైదరాబాద్‌తో సహా 7 మహానగరాలను పరిశీలించి, ఎవరు ఏ వార్డులో ఉంటారన్నది ఆర్థిక స్థితి కన్నా కులాన్ని బట్టే ఎక్కువగా విడిపోయిందని చూపారు.

చట్టంలో ఏముంది

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 19(1)(ఇ) దేశంలో ఎక్కడైనా నివసించే హక్కునిచ్చింది. అయితే అద్దె ఇంటికి నేరుగా పనికొచ్చేది 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం. దాని 4వ సెక్షన్ ప్రకారం, అంటరానితనం కారణంగా ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోకుండా, పొందకుండా, అందులో ఉండకుండా అడ్డుకోవడం నేరం. శిక్ష నెల నుంచి 6 నెలల వరకు జైలు, జరిమానా. 12వ సెక్షన్ మరీ ముఖ్యం: బాధితులు షెడ్యూల్డ్ కులాల వారైతే, ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు ముందుగా భావించాలి. కాదని నిరూపించుకోవాల్సింది ఎదుటివారే.

ఇంట్లో దిగాక వచ్చే వేధింపులకు 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. నలుగురికీ కనిపించే చోట కులం పేరుతో తిట్టడం 3(1)(ఎస్), ఉంటున్న ఇల్లు వదిలి పోయేలా చేయడం 3(1)(జెడ్), సాంఘిక బహిష్కారం 3(1)(జెడ్‌సి) కిందికి వస్తాయి. 2018లో చేర్చిన 18ఎ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్ రాయడానికి ముందస్తు విచారణ అక్కర్లేదు.

ఎక్కడ చిక్కు

ఓనర్ నోటితో కులం అనడు. 'ఇల్లు నిన్ననే ఇచ్చేశాం' అంటాడు. 'నాన్‌వెజ్ వండుతారా?' అని అడుగుతాడు. తిండి పేరుతో కులాన్ని జల్లెడ పట్టే ఈ పద్ధతిని పట్టుకునే ప్రత్యేక చట్టం మనకు లేదు. 2005లో జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం కేసులో, ఆ సంఘం సభ్యత్వాన్ని పార్శీలకే పరిమితం చేసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్స్ వద్దంది, నీళ్లు, కరెంటు ఆపొద్దంది. కులవివక్ష ఊసే ఎత్తలేదు. పైగా రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే అది అమలవుతుంది.

నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట 'నలుగురికీ కనిపించే చోటు' కిందికి రాదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు అన్నది. ఇంటి గేటు దగ్గర అన్నది మాత్రం వస్తుందని 2008లో స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. అందుకే మాట ఎక్కడన్నారు, ఎవరు విన్నారు అన్నవి ఫిర్యాదులో స్పష్టంగా ఉండాలి.

చేయాల్సిన పనులు

- బోర్డు, యాప్‌లోని ప్రకటన, వాట్సాప్ మాటలు తేదీతో సహా దాచుకోవాలి. అవి ఉన్న అసలు ఫోన్‌ను పారేయొద్దు.
- 'ఇచ్చేశాం' అన్న ఇంటికి వేరే ఇంటిపేరున్న మిత్రులతో వెంటనే ఫోన్ చేయించాలి. జవాబు మారితే వాళ్లే సాక్షులు.
- అద్దె ఒప్పందం రాతలో ఉండాలి. సాధారణంగా 11 నెలలకు రాస్తారు. ఖాళీ చేయించడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో అందులో రాయించుకోవాలి. అడ్వాన్స్ బ్యాంకు ద్వారానే ఇవ్వాలి.
- అత్యాచారాల ఫిర్యాదుకు జాతీయ హెల్ప్‌లైన్ 14566. ఉచిత న్యాయ సహాయానికి 15100. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆదాయంతో పనిలేకుండా ఈ సహాయం అందాలి.
- ఇల్లు మారగానే ఫారం 8 నింపి ఓటు ఆ ప్రాంతానికి మార్చుకోవాలి. ఓటున్నవాళ్ల మాట కార్పొరేటర్ వింటాడు.

కులం చెప్పాలా, దాచాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే. తల మీద కప్పు కోసం ఇంటిపేరు మింగిన వాళ్లను మేము తప్పుపట్టం. దాచి బతకడంలో ఉండే భయం, ఇంటికి అమ్మానాన్నలు వస్తే వాళ్ల మాటలో యాస బయటపడుతుందేమో అన్న దిగులు మనకు తెలుసు. ఆ దిగులు ఒక్కరే మోయాల్సింది కాదు. కొత్త బస్తీలో అడుగుపెట్టిన వారంలోనే దగ్గర్లోని అంబేడ్కర్ సంఘాన్నో, విద్యార్థి సంఘాన్నో కలవండి. ఇల్లిచ్చే ఓనర్ల వివరాలు, ఇవ్వనివాళ్ల అనుభవాలు ఒకరికొకరు చెప్పుకోండి. వచ్చే ఏడు ఊరి నుంచి దిగే తమ్ముడికో చెల్లెలికో ఆ జాబితా చాలా వీధులు తిరిగే పని తప్పిస్తుంది.