పాత కంప్యూటర్లను తుక్కుకు వేస్తున్నారా? ఒక్క సర్వర్‌తో మళ్లీ పని చేయించొచ్చు.. కానీ ఈ జాగ్రత్తలు తప్పనిసరి!

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లను ఏం చేయాలన్నదే ఇప్పుడు ప్రశ్న. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లోని చిన్న స్కూళ్లకు, కంప్యూటర్ సెంటర్లకు ల్యాబ్ మొత్తం ఒకేసారి మార్చడం అంటే లక్షల్లో ఖర్చు. అందుకు ప్రత్యామ్నాయమే 'థిన్ క్లయింట్' పద్ధతి.

అసలు థిన్ క్లయింట్ అంటే?

ఇక్కడ పనంతా ఒక్క సర్వరే చేస్తుంది. మన ముందున్న పాత కంప్యూటర్ కీబోర్డు, మౌస్ సంకేతాలను సర్వర్‌కు పంపి, అక్కడి నుంచి వచ్చిన తెరను చూపిస్తుంది. అంతే. హార్డ్ డిస్క్ పాడైనా పర్లేదు, నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే బూట్ అవుతుంది. దీన్ని పీఎక్స్ఈ బూట్ అంటారు. 1999లో జిమ్ మెక్‌క్విలన్ మొదలుపెట్టిన ఎల్‌టీఎస్‌పీ, అంటే లైనక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్, ఈ పనికే పుట్టింది. సాఫ్ట్‌వేర్ ఉచితం.

అయితే ఒక మెలిక ఉంది. 2019లో తిరగరాసిన కొత్త ఎల్‌టీఎస్‌పీలో ప్రోగ్రామ్‌లు మామూలుగా క్లయింట్ ర్యామ్‌లోనే నడుస్తాయి. ర్యామ్ మరీ తక్కువున్న మెషీన్లకు ఎక్స్‌ఆర్‌డీపీ, ఎక్స్2గో లాంటి రిమోట్ డెస్క్‌టాప్ తోడు కావాలి.

మన దగ్గర కొత్తేమీ కాదు

ఒక కంప్యూటర్‌ను పలువురు పంచుకోవడం రాష్ట్రానికి పరిచయమే. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ప్రభుత్వ పాఠశాలల కోసం ఎన్‌కంప్యూటింగ్ పరికరాలను ఎంచుకున్నారు. అవి కొత్తగా కొన్న చిన్న పెట్టెలు. ఇప్పుడు ఆ పెట్టెల స్థానంలో మూలన పడ్డ పాత మెషీన్లే వాడుకోవచ్చు.

సర్వర్ దగ్గర పిసినారితనం వద్దు

ఒక క్లయింట్ పోతే ఒక్క సీటే పోతుంది. సర్వర్ పోతే క్లాసు మొత్తం ఆగిపోతుంది! అందుకే మిగిలిన డబ్బు సర్వర్ మీదే పెట్టాలి. పది మంది టైపింగ్, లెక్కల షీట్లు, కాస్త బ్రౌజింగ్ చేసుకోవాలంటే కనీసం 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, గిగాబిట్ స్విచ్ ఉంటే మంచిది. వైఫైని నమ్ముకోవద్దు, కేబుల్ లాగాల్సిందే. అందరూ ఒకేసారి వీడియోలు పెడితే మాత్రం తెరలు నత్తనడకే.

తీర ప్రాంతంలో ఇవి మర్చిపోవద్దు

* బందరు, అవనిగడ్డ, నాగాయలంక వైపు ఉప్పుగాలికి, చెమ్మకు కనెక్టర్లు తుప్పు పడతాయి. ర్యామ్, కేబుల్ కొనలను తరచూ శుభ్రం చేయాలి.
* 1977 నవంబర్ 19 నాటి ఉప్పెనను చూసిన నేల దివిసీమ. సర్వర్‌ను నేల మీద పెట్టొద్దు. పై అంతస్తు ఉంటే అక్కడే ఉంచాలి.
* సర్వర్‌కు, స్విచ్‌కు యూపీఎస్ తప్పనిసరి.
* ఫైళ్లన్నీ ఒకే చోట ఉంటాయి కాబట్టి బ్యాకప్ డిస్క్ వేరే భవనంలో దాచాలి. తుపాను హెచ్చరిక వస్తే ముందే షట్‌డౌన్ చేసి, ప్లగ్‌లు తీసేయాలి.

అన్నీ దాచుకోవద్దు

పాత పెంటియం 4 మెషీన్లు, లావు పిక్చర్ ట్యూబ్ మానిటర్లు కరెంటు బాగా లాగుతాయి. ఆదా చేసిన డబ్బు బిల్లుకే పోతుంది. ఉబ్బిన కెపాసిటర్లున్న మదర్‌బోర్డులనూ పక్కన పెట్టాలి. పనికిరాని వాటిని 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్లకే ఇవ్వాలి. ఇచ్చే ముందు హార్డ్ డిస్క్‌లోని విద్యార్థుల, కస్టమర్ల వివరాలు పూర్తిగా చెరిపేయాలి. మామూలుగా డిలీట్ కొడితే సరిపోదు.

ఒకేసారి ల్యాబ్ అంతా మార్చకుండా, ముందు రెండు మూడు మెషీన్లతో ఒక నెల నడిపి చూస్తే సర్వర్ ఎంత బరువు మోయగలదో తెలిసిపోతుంది.