ఓడ ఎక్కే ముందు: సముద్రయాన చరిత్ర నేర్పిన ఆరోగ్య పాఠాలు

పదవీ విరమణ చేసిన మిత్రులు కలిసినప్పుడు ఈ మధ్య తరచుగా వినబడే మాట విహారనౌక. పిల్లలు అమెరికా నుండో సింగపూర్ నుండో టికెట్లు కొని తల్లిదండ్రులను ఓడ ఎక్కిస్తున్నారు. 2022లో మన విశాఖపట్నం నుండే పుదుచ్చేరి, చెన్నైల మీదుగా విహారనౌక నడిచింది. నాలుగైదుసార్లు ఇటువంటి ప్రయాణాలు చేసినవాడినని తెలిసి చాలామంది నన్ను సలహాలడుగుతుంటారు. గది ఏ అంతస్తులో తీసుకోవాలి? శాకాహారం దొరుకుతుందా? ఏ రేవులో ఏమి చూడాలి? ఇవన్నీ అడగదగిన ప్రశ్నలే. అయితే ఓడలో జబ్బు చేస్తే ఏమిటి, మన జబ్బు ఇతరులకు అంటితే ఏమిటి అని అడిగినవారు అరుదు.

విహారనౌక నీటిపై తేలే చిన్న పట్టణం. వేలమంది ఒకే వంటశాల భోజనం తింటారు, ఒకే మెట్ల కమ్మీలు పట్టుకుంటారు. ఇబ్బంది కలిగితే బయటకు పోయే దారి లేదు. ఓడపై నేడు మనకు విసుగు కలిగించే ప్రతి నిబంధన వెనుక ఎందరివో ప్రాణాలున్నాయి. ఆ చరిత్ర తెలిసినవాడు మంచి ప్రయాణికుడవుతాడని నా నమ్మకం.

నలభై రోజుల నిరీక్షణ

పద్నాలుగవ శతాబ్దంలో ఐరోపాను ప్లేగు కబళించినప్పుడు, ఆ వ్యాధి ఓడల వెంట రేవులలోకి వస్తున్నదని ప్రజలు గ్రహించారు. సూక్ష్మజీవుల ఊసే తెలియని కాలమది. అయినా 1377లో రగూసా నగరం, అంటే నేటి డుబ్రోవ్నిక్, వ్యాధిగ్రస్త ప్రాంతాల నుండి వచ్చినవారు ముప్పై రోజులు నగరానికి దూరంగా ఉండాలని శాసనం చేసింది. తరువాతి కాలంలో ఆ గడువు నలభై రోజులైంది. ఇటలీ భాషలో నలభై అనే మాట నుండే క్వారంటైన్ అనే పదం పుట్టింది. వెనిస్ నగరం 1423లో ఒక దీవిలో ప్లేగు రోగుల కోసం ప్రత్యేక ఆసుపత్రినే నెలకొల్పింది.

కారణం తెలియకపోయినా పరిశీలనతో ప్రాణాలు కాపాడవచ్చునని ఈ ఘట్టం చెబుతుంది. కాని పరిశీలన ఫలించినా దానిని ఆచరణలో పెట్టకపోతే ఏమవుతుందో తరువాతి కథ చెబుతుంది.

రెండు నారింజలు, ఒక నిమ్మపండు

సుదూర సముద్రయానాలలో నావికులను పొట్టనపెట్టుకున్న ప్రధాన శత్రువు తుపాను కాదు, స్కర్వీ. చిగుళ్ళు ఉబ్బి రక్తం కారడం, ఒంటిపై నల్లని మచ్చలు, ఎన్నడో మానిన గాయాలు తిరిగి విచ్చుకోవడం, చివరకు మరణం. మన దేశం నుండి తిరిగి వెళుతూ అరేబియా సముద్రం దాటే వేళ వాస్కో డ గామా తన మనుషులను పెద్ద సంఖ్యలో కోల్పోయినది ఈ జబ్బుకే. 1740లో బ్రిటిష్ సేనాని జార్జ్ ఆన్సన్ వెంట భూప్రదక్షిణకు బయలుదేరిన దాదాపు 1,900 మందిలో 1,400 మంది వరకు మరణించారు. వారిలో శత్రువు గుళ్ళకు బలైనవారు అతి కొద్దిమంది. తక్కినవారిలో అత్యధికులను స్కర్వీ మొదలైన వ్యాధులే తీసుకుపోయాయి.

1747 మే నెలలో సాలిస్‌బరీ అనే యుద్ధనౌకలో వైద్యుడైన జేమ్స్ లిండ్ పన్నెండుమంది స్కర్వీ రోగులను ఎంచుకుని, ఇద్దరేసి చొప్పున ఆరు జతలు చేశాడు. అందరికీ ఒకే భోజనం పెట్టి, ఒక్కొక్క జతకు ఒక్కొక్క మందు ఇచ్చాడు. ఒకరికి ఆపిల్ సారా, మరొకరికి గంధకామ్లపు నీళ్ళు, ఇంకొకరికి వెనిగర్, వేరొకరికి సముద్రపు నీరు, మరొక జతకు వెల్లుల్లి, ఆవాలు మొదలైనవి నూరిన లేహ్యం. ఆరవ జతకు రోజుకు రెండు నారింజలు, ఒక నిమ్మపండు. ఆరు రోజులకే పండ్లు అయిపోయాయి. అప్పటికే ఆ ఇద్దరిలో ఒకడు పనిలో చేరగలిగాడు, రెండవవాడు తక్కిన రోగులకు సేవ చేయగలిగాడు. ఒక మందును మరొకదానితో పోల్చి చూసే చికిత్సా పరీక్షలకు వైద్యవిద్యార్థులకు నేటికీ చెప్పే తొలి ఉదాహరణలలో ఇదొకటి.

కాని లిండ్ 1753లో ప్రచురించిన పెద్ద గ్రంథంలో ఈ పరీక్షకు దక్కినవి కొద్ది పేరాలే. నిల్వ ఉండేందుకు పండ్లరసాన్ని కాచి చిక్కబరచమని ఆయనే సూచించాడు. కాచినప్పుడు అందులోని మేలు నశిస్తుందని ఆనాడు తెలియదు. బ్రిటిష్ నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వడం మొదలైనది 1795లో. లిండ్ అంతకు ముందటి సంవత్సరమే కన్నుమూశాడు. మందు దొరికిన నాటి నుండి అది నావికుని చేతికి అందేందుకు నలభై ఎనిమిదేళ్ళు పట్టిందన్నమాట.

అంతటితో కథ ముగియలేదు. పందొమ్మిదవ శతాబ్దంలో పెద్ద నిమ్మకు బదులు చవకగా దొరికే చిన్న పచ్చనిమ్మ రసాన్ని వాడారు. అందులో విటమిన్ సి తక్కువ, నిల్వచేసే పద్ధతి వల్ల మరింత తగ్గింది. 1875లో ఉత్తర ధ్రువం వైపు వెళ్ళిన బ్రిటిష్ యాత్రలో, నిమ్మరసం తాగుతున్నప్పటికీ స్కర్వీ తిరిగి తలయెత్తింది. నేర్చిన పాఠాన్ని మరచిపోవడం నేర్వకపోవడం కంటె ప్రమాదకరం.

విహారం ఒకరిది, వలస మరొకరిది

కేవలం వినోదం కోసం సముద్రయానం చేయడం పందొమ్మిదవ శతాబ్దపు అలవాటు. 1844లో పి అండ్ ఓ సంస్థ మధ్యధరా సముద్ర యాత్రలను ప్రకటించింది. 1891 జనవరిలో హాంబర్గ్‌కు చెందిన నౌకా వ్యాపారి ఆల్బర్ట్ బాలిన్, శీతాకాలంలో పనిలేక నిలిచిపోయే అగస్తా విక్టోరియా ఓడను మధ్యధరా విహారానికి పంపి లాభం చూశాడు. నేటి క్రూయిజ్ వ్యాపారానికి అదొక పునాది.

ఆ కాలంలోనే అదే సముద్రాలపై వేరొక రకం ప్రయాణికులుండేవారు. 1879లో కలకత్తా నుండి ఒప్పంద కూలీలతో ఫిజీకి వెళ్ళిన లియోనిడాస్ ఓడలో కలరా, మశూచి చెలరేగాయి. గమ్యం చేరినా వారిని ఒక చిన్న దీవిలో వేరుగా ఉంచవలసివచ్చింది. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా మన తెలుగువారు కూడా అదే ఫిజీ దారి పట్టారు. కోరంగి, కాకినాడ, విశాఖ తీరాల నుండి రంగూన్‌కు పోయినవారి సంఖ్య ఇంకా ఎక్కువ. బర్మాలో మనవారిని కోరంగీలనే పిలిచేవారు. మన తాతలు ఓడ డెక్కుపై మూటతో కూర్చుని చేసిన ప్రయాణమే నేడు మనకు విహారమైంది. ఈ తేడా గుర్తుంటే, ఓడలో గది ఊడ్చే సేవకుడిని పలకరించే మన గొంతు కొంత మెత్తబడుతుంది.

క్వారంటైన్ దాటిన రచయిత

1867లో క్వేకర్ సిటీ అనే ఆవిరి ఓడపై అమెరికా యాత్రికుల బృందం ఒకటి ఐరోపా, పాలస్తీనా దేశాలు చూడబోయింది. ప్రసిద్ధ రచయిత మార్క్ ట్వేన్ అందులో ఉన్నాడు. కలరా భయంతో ఏథెన్స్ రేవు అధికారులు, పదకొండు రోజుల క్వారంటైన్‌కు ఒప్పుకోనిదే దిగరాదన్నారు. ట్వేన్, మరి ముగ్గురు రాత్రివేళ దొంగచాటుగా ఒడ్డుకు చేరి, వెన్నెలలో పార్థినాన్ ఆలయం చూసి, దారిలో ద్రాక్షతోటలలో పండ్లు కోసుకుని తిని తిరిగివచ్చారు. ఈ సాహసాన్ని ఆయన తన యాత్రాగ్రంథంలో ఎంతో హాస్యంగా వర్ణించాడు. చదివి నేనూ నవ్వుకున్నాను, నాకూ అటువంటి అనుభవం కలిగేవరకు.

కొన్నేళ్ళ క్రితం ఒక ప్రయాణంలో ఓడ ఎక్కే ముందు ఆరోగ్య పత్రం నింపమన్నారు. గత రెండు రోజులలో వాంతులు గాని విరేచనాలు గాని అయ్యాయా అన్నది అందులో ఒక ప్రశ్న. ముందురోజు రాత్రి నాకు మూడుసార్లు విరేచనాలయ్యాయి. ఉన్నది ఉన్నట్లు రాస్తే గదిలో కూర్చోబెడతారేమో, డబ్బు, యాత్ర రెండూ పోతాయేమోనని భయపడి ‘లేదు’ అని రాశాను. నలభై ఏళ్ళు రోగులకు నిజం చెప్పమని బోధించిన నేను రాసిన మాట అది. నాకు మరునాటికి నెమ్మదించింది. కాని మూడవనాడు మా భోజనబల్ల వద్ద కూర్చునే వృద్ధ దంపతులు కనబడలేదు. ఇద్దరికీ వాంతులని, భర్తకు సెలైన్ ఎక్కిస్తున్నారని వడ్డించే కుర్రవాడు చెప్పాడు. వారి జబ్బుకు నేనే కారణమో కాదో నాకు ఎన్నటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే నాకు మిగిలిన శిక్ష.

కంటికి కనబడని ప్రయాణికుడు

ఓడలపై చెలరేగే వాంతులు, విరేచనాలకు ముఖ్యకారణం నోరోవైరస్. 1968లో అమెరికాలోని నార్వాక్ పట్టణపు పాఠశాలలో ప్రబలిన జబ్బు నమూనాల నుండి, 1972లో ఆల్బర్ట్ కపికియన్ దీనిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో గుర్తించాడు. ఆ ఊరి పేరే దీనికి స్థిరపడింది. అతి స్వల్ప సంఖ్యలో సూక్ష్మకణాలు చాలు, జబ్బు అంటుతుంది. మెట్ల కమ్మీలపై, తలుపు పిడులపై ఇది రోజుల తరబడి నిలుస్తుంది. ఆల్కహాల్ శానిటైజర్‌కు అంతగా లొంగదు. సబ్బు, నీరు, ఇరవై సెకన్ల రుద్దుడు, ఇవే దీనికి సరైన మందు. జబ్బు తగ్గిన తరువాత కూడా రోగి నుండి ఇతరులకు అంటగలదు కనుక కనీసం రెండు రోజులు వేరుగా ఉండమంటారు.

1970వ దశకం నుండి అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తమ రేవులకు వచ్చే విహారనౌకలను ముందుగా చెప్పకుండా తనిఖీ చేసి, నూటికి ఇన్ని మార్కులని బహిరంగంగా ప్రకటిస్తున్నది. 85 గాని అంతకు తక్కువ గాని వస్తే ఓడ తప్పినట్లే.

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడను నిలిపివేయడం మనందరికీ గుర్తే. అందులోని 3,711 మందిలో 712 మందికి కోవిడ్ సోకింది. పరీక్షలో దొరికిన చాలామందికి ఆ సమయంలో లక్షణాలే లేవు. ఓడలోని 138 మంది భారతీయులలో 132 మంది సిబ్బంది. ప్రయాణికులు గదులలో ఉండగా, వారికి భోజనం మోసినది ఆ సిబ్బందే. క్వారంటైన్ భారం అందరిపై సమానంగా పడదని ఆ ఓడ చూపింది.

ఈ చరిత్ర నుండి నేను నేర్చుకున్నవి

మొదటిది, వికారం. 1940వ దశకం చివర బాల్టిమోర్‌లో దద్దుర్లకు ఒక కొత్త మందు వాడుతున్న స్త్రీ, ట్రామ్‌లో ఎప్పుడూ వచ్చే వికారం ఇప్పుడు రావడం లేదని చెప్పింది. వైద్యులు ఆ మాట చెవిన పెట్టి, 1948లో సైనికులను తీసుకుపోయే ఓడలో పరీక్షించారు. అదే డ్రామమిన్. ఇటువంటి మందులు కడుపు తిప్పడం మొదలయ్యాక కాక, ముందే వేసుకుంటే పనిచేస్తాయి. మగత కలిగిస్తాయి. గ్లాకోమా, ప్రోస్టేట్ వాపు ఉన్నవారు వైద్యుని అడగనిదే వాడరాదు. ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులలో ఊపు తక్కువ. డెక్కుపై నిలిచి దిగంతరేఖను చూడడం మేలు.

రెండవది, మందులు. పెద్ద పెట్టెలు గదికి చేరేందుకు గంటలు పట్టవచ్చు. ఇన్సులిన్, బీపీ, గుండె మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి. అనుకున్న రోజుల కంటె వారం రోజులకు ఎక్కువే ఉంచుకోండి. మందుల అసలు పేర్లు రాసిన చీటీ, తాజా ఈసీజీ నకలు వెంట ఉంచండి.

మూడవది, బీమా. ఓడలోని వైద్యశాల ప్రథమ చికిత్సకు చాలుతుంది గాని పెద్దాసుపత్రి కాదు. గుండెపోటు వస్తే రేవుకో, హెలికాప్టర్‌కో ఖర్చు లక్షలలో ఉంటుంది. అత్యవసర తరలింపు కూడా కలిసిన ప్రయాణ బీమా తీసుకుని, ఉన్న జబ్బులన్నీ దాచకుండా రాయండి. డయాలిసిస్ అవసరమున్నవారు, నెలలు నిండుతున్న గర్భిణులు టికెట్ కొనే ముందే ఓడవారిని అడగాలి.

నాలుగవది, భోజనం. బఫేలో వందలమంది పట్టిన గరిటెనే మనమూ పడతాం. తరువాత అదే చేతితో అన్నం కలుపుకుంటాం. కాబట్టి వడ్డించుకున్నాక మరొకసారి చేతులు కడుక్కోండి. ఉప్పు, తీపి అడుగడుగునా ఉంటాయి. మధుమేహులు అన్నీ రుచి చూడవలసిన అవసరం లేదు.

ఐదవది, భద్రతా శిక్షణ. 2012 జనవరి 13న ఇటలీ తీరాన కోస్టా కాంకార్డియా మునిగి 32 మంది మరణించారు. ఆనాడే ఓడ ఎక్కినవారికి ఇంకా శిక్షణ జరగలేదు. తరువాత ఓడ బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనేనో శిక్షణ జరిపితీరాలని నిబంధన మారింది. ఆ అరగంటను ఫోటోలకు వాడుకోకండి. మీరు చేరవలసిన చోటికి మెట్ల దారిని ఒకసారి నడిచి చూడండి.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఆరోగ్య పత్రంలో నిజం రాయండి. ఒంట్లో బాగాలేకపోతే ఓడ వైద్యునికి చెప్పి, గదిలో ఉండిపొండి. ఒక రేవు చూడకపోతే మనకు పోయేది ఒక పగలు. డెబ్బై ఐదేళ్ళ పక్కబల్ల పెద్దాయనకు అదే జబ్బు అంటితే పోయేది అంతకంటె ఎక్కువ కావచ్చు. ఓడ ఎక్కబోయే మీ తల్లిదండ్రులకు ఈ ఒక్క మాటైనా చెప్పి పంపండి.