‘ఐ, టీనా’ – గాయని టీనా టర్నర్ ఆత్మకథ

‘ఐ, టీనా’ అనగా ‘నేను, టీనా’. అమెరికా గాయని టీనా టర్నర్ తన జీవితాన్ని గురించి పాత్రికేయుడు కర్ట్ లోడర్ సహకారంతో వెలువరించిన ఈ గ్రంథం 1986లో ప్రచురితమైంది. భర్త, సంగీత బృందనాయకుడు అయిన ఐక్ టర్నర్ చేతిలో సుమారు 16 ఏండ్లపాటు ఆమె అనుభవించిన హింస, అందులోనుండి బయటపడిన తీరు, ఆపైన ఒంటరిగా సంగీతరంగంలో నిలదొక్కుకొన్న వైనం ఇందులోని ప్రధాన విషయాలు. ఇంటి గుట్టు వీధిలో పెట్టరాదన్న కట్టుబాటు మనకు మాత్రమే పరిమితం కాదు. ప్రఖ్యాతి గాంచిన ఒక స్త్రీ ఆ కట్టుబాటును దాటి, దెబ్బలు తిన్న సంగతిని తన పేరుతోనే లోకానికి చెప్పడం ఆ రోజుల్లో అమెరికాలో సైతం అరుదు.

ఈ కథ అంతటా ఒక పేరు ప్రస్తావన వస్తూనే ఉంటుంది. ‘టీనా’ ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఆ పేరు ఎలా వచ్చినది, ఎవరి సొత్తుగా ఉన్నది, చివరకు ఎవరికి దక్కినది అన్న విషయాన్ని అనుసరిస్తే గ్రంథ సారాంశం బోధపడుతుంది.

బాల్యం

ఆమె అసలు పేరు అన్నా మే బుల్లక్. 1939 నవంబరు 26న టెనెస్సీ రాష్ట్రంలోని బ్రౌన్స్‌విల్‌లో జన్మించారు. పెరిగినది సమీపంలోని నట్‌బుష్ అనే చిన్న పల్లెలో. అది పత్తి పండే నేల. నల్లజాతి కుటుంబాలు తెల్లవారి భూములలో పంట పాలుకు సేద్యం చేసుకొని బ్రతికే కాలం అది. ఆమె తండ్రి అటువంటి ఒక కమతంలో పనివారిపై అజమాయిషీ చేసేవాడు. ఆమె కూడా బాల్యంలో పత్తి ఏరారు. పాట మొదట అబ్బినది ఊరి బాప్టిస్టు దేవాలయంలోని గానబృందంలో.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తల్లిదండ్రులు పనికోసం నాక్స్‌విల్ వలస వెళ్లగా, ఆమె తాత, నాయనమ్మల వద్ద కఠిన నియమాల నడుమ పెరిగారు. 11వ ఏట తల్లి ఇల్లు విడిచి వెళ్లిపోయింది. భర్త పెట్టే బాధలు పడలేకనే ఆమె వెళ్లిందని గ్రంథం చెబుతుంది. కొంతకాలానికి తండ్రి కూడా మరొక చోటికి తరలిపోయాడు. ఆపైన పెంచినది అమ్మమ్మ. ఆమె మరణించిన పిమ్మట, 16వ ఏట, అన్నా మే సెయింట్ లూయిస్ నగరంలో ఉన్న తల్లి దగ్గరకు చేరారు. తాను ఎవరికీ అక్కరలేని బిడ్డనన్న భావన ఆ వయస్సులోనే నాటుకొన్నదని ఆమె పలుమార్లు చెప్పుకొన్నారు.

పేరు పుట్టిన తీరు

ఆ నగర పరిసరాలలో ఐక్ టర్నర్‌కు, అతని ‘కింగ్స్ ఆఫ్ రిథమ్’ బృందానికి అప్పటికే మంచి పేరున్నది. 1951లో ఈ బృందం వాయించిన ‘రాకెట్ 88’ను రాక్ అండ్ రోల్ సంగీతపు తొలి రికార్డులలో ఒకటిగా పలువురు లెక్కిస్తారు. 1957లో అన్నా మే ఆ బృందం కచేరీకి వెళ్లి, విరామ సమయంలో మైకు చేతికి రాగా పాడి, ఐక్ దృష్టిలో పడ్డారు. ఆమెకు అతడు మొదట స్నేహితుడు, సంగీతంలో గురుతుల్యుడు.

1960లో ‘ఎ ఫూల్ ఇన్ లవ్’ అనే పాటను పాడవలసిన గాయకుడు రికార్డింగుకు రాకపోవడంతో ఆమె చేత పాడించారు. ఆ రికార్డు విజయవంతమైంది. అది వెలువడే సమయానికి ఐక్ ఆమెకు ‘టీనా టర్నర్’ అన్న పేరు తగిలించాడు. బొమ్మల కథలలోని ‘షీనా’ అనే అడవి వీరవనిత పేరుకు ప్రాస కుదిరేలా ఆ పేరు కల్పించినదే. అప్పటికి వారికి వివాహం కాలేదు. ఈమె విడిచి వెళితే మరొక గాయనిని అదే పేరుతో నిలబెట్టుకోవచ్చునన్న ఆలోచనతో ఆ పేరును తన సొత్తుగా నమోదు చేయించుకొన్నాడు. గొంతు ఆమెది, పేరు అతనిది అయింది.

ఈ పద్ధతి తనకు ఇష్టం లేదని ఆమె చెప్పినప్పుడే మొదటి దెబ్బ పడిందని గ్రంథంలో వివరించారు. బూట్ల ఆకారం చెడకుండా లోపల ఉంచే కొయ్య అచ్చుతో అతడు తలపై కొట్టాడు. అప్పుడామె గర్భవతి.

కాపురం, కచేరీలు

1962లో మెక్సికోలోని తిహువానా పట్టణంలో వారి వివాహం జరిగింది. ఇంట నలుగురు మగపిల్లలు. వారిలో ఇద్దరు ఐక్‌కు అంతకు ముందే కలిగినవారు. ఒకరు టీనాకు అంతకు ముందే కలిగిన కుమారుడు, మరొకరు ఇరువురి సంతానం. నలుగురినీ ఆమే పెంచారు.

‘ఐక్ అండ్ టీనా టర్నర్ రెవ్యూ’ పేరుతో ఏడాది పొడవునా ఊరూరా కచేరీలు జరిగేవి. 1966లో నిర్మాత ఫిల్ స్పెక్టర్ ‘రివర్ డీప్, మౌంటెన్ హై’ పాటను ఆమె చేత పాడించినప్పుడు, స్టూడియోకు రాకుండా ఉండేందుకు ఐక్‌కు 20,000 డాలర్లు చెల్లించాడు. ఆ పాట అమెరికాలో అంతగా ఆదరణ పొందలేదు కాని బ్రిటన్‌లో 3వ స్థానానికి చేరింది. 1971లో వెలువడిన ‘ప్రౌడ్ మేరీ’ వారికి గ్రామీ పురస్కారం తెచ్చిపెట్టింది. 1973లో తన పల్లెను తలచుకొంటూ టీనా స్వయంగా ‘నట్‌బుష్ సిటీ లిమిట్స్’ పాట రచించారు. మన మాటలలో దానిని ‘నట్‌బుష్ పొలిమేర’ అనవచ్చు.

వేదికపై ఈ వెలుగు ఉండగా, తెర వెనుక దెబ్బలు నిత్యకృత్యమయ్యాయి. ముఖంపై గాయాలను అలంకరణతో కప్పుకొని ఆమె వేదిక ఎక్కేవారు. 1968లో లాస్ ఏంజెలిస్‌లో ఒక కచేరీకి ముందు ప్రాణం తీసుకొనేందుకు ప్రయత్నించగా వైద్యులు కాపాడారు. కోలుకొన్న వెంటనే మళ్లీ కచేరీలకు వెళ్లవలసి వచ్చింది.

‘ఎందుకు భరించింది?’

ఇటువంటి కథ విన్న ప్రతివారూ అడిగే ప్రశ్న ఇది. గ్రంథం దీనికి ఒకటి కాదు, అనేక కారణాలు చూపుతుంది. రాబడి అంతా ఐక్ చేతిలోనే ఉండేది. ఆమెకంటూ సొమ్ము లేదు. నలుగురు పిల్లల బాధ్యత ఉంది. పైకి వచ్చిన గాయకులంతా తనను వదిలి వెళ్లారని ఐక్ మొదటి రోజుల్లో వాపోగా, తాను మాత్రం వెళ్లనని ఆమె మాట ఇచ్చారు. ఆ మాట తప్పరాదనుకొన్నారు. పారిపోయే ప్రయత్నాలు చేయకపోలేదు. అతడు వెదికి పట్టుకొని వెనుకకు తెచ్చేవాడు. అన్నింటికీ మించి, భయం. బయటినుండి చూచేవారికి సులభంగా తోచే పని, లోపల ఉన్నవారికి ఎందుకంత కష్టమో ఈ భాగం చదివితే తెలుస్తుంది.

1973 ప్రాంతంలో ఒక పరిచయస్తురాలి ద్వారా ఆమెకు నిచిరెన్ బౌద్ధ సంప్రదాయం పరిచయమైంది. ఇది మన దేశంలో సంస్కృతంలో వెలసిన ‘సద్ధర్మపుండరీక సూత్రం’ ఆధారంగా జపానులో రూపొందిన మార్గం. ఆ మంత్ర జపమే తనకు మనోధైర్యం ఇచ్చినదని ఆమె చివరి వరకు చెప్పేవారు.

1976 జూలై

1976 జూలై మొదటి రోజుల్లో కచేరీకోసం డల్లాస్ నగరం చేరుకొన్నప్పుడు, విమానాశ్రయంనుండి హోటలుకు వెళ్లే కారులో ఐక్ మళ్లీ కొట్టాడు. ఈసారి ఆమె తిరగబడ్డారు. హోటలులో అతడు నిద్రపోగానే, రక్తపు మరకలున్న దుస్తులతోనే వెనుక దారిన బయటపడి, వాహనాలు దూసుకుపోయే రహదారిని కాలినడకన దాటి, అవతల ఉన్న మరొక హోటలుకు చేరారు. చేతిలో ఉన్నవి 36 సెంట్లు, పెట్రోలు బంకులో వాడుకొనే ఒక కార్డు. అక్కడి మేనేజరు డబ్బు అడగకుండా గది ఇచ్చి ఆదుకొన్నాడు. ఆ నెలలోనే ఆమె విడాకులకు దావా వేశారు.

తీర్పు

1978లో విడాకులు ఖరారయ్యాయి. బృందం ఆస్తిలో, పాత రికార్డుల రాబడిలో వాటా కోసం వ్యాజ్యం సాగిస్తే ఏండ్లు పడుతుందని గ్రహించి, ఆమె దాదాపు అన్నీ వదులుకొన్నారు. స్వయంగా రచించిన పాటల రాబడి, రెండు కార్లు దక్కాయి. ఆమె పట్టుబట్టి అడిగినది ఒక్కటే – టీనా టర్నర్ అన్న పేరు. వెళ్లిపోవడంతో రద్దయిన కచేరీల బాకీలు కూడా ఆమె నెత్తిన పడ్డాయి.

ఎవరో పెట్టిన పేరును, అదీ బాధించినవాని ఇంటిపేరును, ఎందుకు కోరుకొన్నట్లు? ఆ పేరుపై పేరుప్రతిష్ఠలు తెచ్చినది తన శ్రమ. కచేరీ చేయించేవారు, చీట్లు కొనేవారు ఎరిగినది ఆ పేరునే. అన్నా మే బుల్లక్ పాడుతుందంటే వచ్చేవారు లేరు. రైతుకు పొలం ఎటువంటిదో, గాయనికి పేరు అటువంటిది. ఆమె తన జీవనాధారాన్ని తిరిగి తీసుకొన్నారు.

మళ్లీ మొదటినుండి

ఆపైన కొన్నేండ్లు గడ్డుకాలం. స్నేహితుల ఇండ్లలో తలదాచుకొని, ప్రతిగా ఇంటిపని చేసి పెట్టారు. ప్రభుత్వం పేదలకిచ్చే ఆహార కూపన్లపై బ్రతికారు. హోటళ్లలో, టెలివిజన్ కార్యక్రమాలలో పాడి బాకీలు తీర్చారు. 1978, 1979లలో వెలువడిన రెండు ఆల్బంలు ఆదరణ పొందలేదు.

ఆస్ట్రేలియాకు చెందిన రోజర్ డేవిస్ మేనేజరుగా వచ్చిన తరువాత దశ తిరిగింది. 1984లో విడుదలైన ‘ప్రైవేట్ డాన్సర్’ ఆల్బం ప్రపంచవ్యాప్తంగా కోటికి పైగా ప్రతులు అమ్ముడైంది. అందులోని ‘వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్’ ఆ సెప్టెంబరులో అమెరికాలో మొదటి స్థానం చేరుకొనేసరికి ఆమె వయస్సు 44. 1985లో మూడు గ్రామీ పురస్కారాలు లభించాయి. నడివయస్సు దాటిన నల్లజాతి స్త్రీకి స్థానం లేదని భావించిన పరిశ్రమలో ఇది అసాధారణ విషయం.

గ్రంథ రచన

1981లో ‘పీపుల్’ వారపత్రికకు ఇచ్చిన ముఖాముఖిలో ఆమె తొలిసారి హింస సంగతి బయటపెట్టారు. ఒక్కసారి చెప్పివేస్తే మళ్లీ ఎవరూ అడగరని ఆశించారు. జరిగినది వేరు. ప్రతి పాత్రికేయుడూ ఐక్ గురించే అడిగాడు. అంతా ఒకచోట చెప్పి ముగించాలన్న ఉద్దేశంతో ‘ఐ, టీనా’ వెలువరించారు. గ్రంథంలో ఆమె మాటలతోపాటు ఆమెను దగ్గరగా ఎరిగిన పలువురి మాటలు కూడా ఉన్నాయి. అందువలన ఇది ఒక్కరి ఫిర్యాదుగా కాక సాక్ష్యాల కూర్పుగా నిలిచింది. కన్నీటికోసం ప్రాకులాడని సూటి శైలి దీని గుణం.

1993లో దీని ఆధారంగా, ఆమె పాట పేరుతోనే చలనచిత్రం వచ్చింది. టీనాగా ఏంజెలా బాసెట్, ఐక్‌గా లారెన్స్ ఫిష్‌బర్న్ నటించారు. ఇరువురి పేర్లూ ఆస్కారుకు ప్రతిపాదితమయ్యాయి. ఆ ఏడాది వెనిస్ చలనచిత్రోత్సవంలో ప్రశ్నించినప్పుడు, తాను ఆ చిత్రం చూడలేదని, ఆ రోజులను మళ్లీ అనుభవించదలచలేదని టీనా చెప్పారు. బాధను చెప్పిన స్త్రీని లోకం బాధితురాలిగానే చూస్తూ ఉండడం ఆమెకు ఎదురైన మరొక కష్టం.

ఐక్ 1999లో తన ఆత్మకథ వెలువరించాడు. చేయి చేసుకొన్న మాట ఒప్పుకొంటూనే, ఆమె చెప్పినంత లేదని వాదించాడు. ఆ గ్రంథం పేరు ‘టేకిన్ బ్యాక్ మై నేమ్’, అంటే తన పేరును తిరిగి తీసుకోవడం. 2007 డిసెంబరులో అతడు మరణించాడు.

తదనంతరం

టీనా 2013లో స్విట్జర్లాండు పౌరసత్వం స్వీకరించి, అదే ఏడాది జర్మనీకి చెందిన ఎర్విన్ బాఖ్‌ను వివాహమాడారు. 2017లో ఆమెకు మూత్రపిండం పాడైనప్పుడు ఆ భర్తే తన మూత్రపిండం దానం చేశారు. ఈ విషయాలు 2018లో వచ్చిన ‘మై లవ్ స్టోరీ’ అనే రెండవ ఆత్మకథలో ఉన్నాయి. 2023 మే 24న, 83వ ఏట, జ్యూరిచ్ సమీపాన ఆమె కన్నుమూశారు. బ్రౌన్స్‌విల్‌నుండి నట్‌బుష్ వెళ్లే రహదారికి 2002లో ఆమె పేరు పెట్టారు. ఆమె చదువుకొన్న ఒంటిగది బడిని 2014లో బ్రౌన్స్‌విల్‌లో ప్రదర్శనశాలగా తీర్చిదిద్దారు. నాడు పత్తి ఏరిన బాలిక పేరు నేడు ఆ దారికి ఉంది.

మన పాఠకులకు

రాష్ట్రం దాటి సంబంధాలు కలుపుకోవడం మన సరిహద్దు గ్రామాలలో పరిపాటి. ఆడపిల్లకు అత్తింట హింస ఎదురైతే, ఏ రాష్ట్రంలో ఎవరిని అడగాలో తెలియక కుటుంబాలు మిన్నకుండిపోతాయి. 2006 అక్టోబరు 26నుండి అమలులో ఉన్న గృహహింస నిరోధక చట్టం (2005) కొట్టడాన్ని మాత్రమే కాక, మాటలతో హింసించడాన్ని, సొమ్ము చేతికి ఇవ్వకుండా బాధించడాన్ని కూడా హింసగానే పరిగణిస్తుంది. ఈ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, బాధితురాలు తాత్కాలికంగానైనా తాను నివసిస్తున్న చోటి మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు. పుట్టింటికి చేరిన స్త్రీ అత్తింటి రాష్ట్రానికి తిరిగి వెళ్లనక్కరలేదు. ఆ కోర్టు ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా చెల్లుతుంది. మహిళా సహాయవాణి సంఖ్య 181. తక్షణ ప్రమాదం ఉన్నప్పుడు 112కు ఫోను చేయాలి.