కంప్యూటర్ అంతర్నిర్మాణం: తెలుగునాట అవగాహన చరిత్ర

కంప్యూటర్ లోపల జరిగే పని నిజానికి చాలా చిన్నది. మెమరీ నుంచి ఒక ఆదేశాన్ని తెచ్చుకుంటుంది, అదేమిటో గుర్తిస్తుంది, అమలు చేస్తుంది, తర్వాతి ఆదేశానికి వెళుతుంది. ఆదేశాలనూ అంకెలనూ ఒకే మెమరీలో ఉంచే ఈ పద్ధతికి 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ ఎడ్వాక్ యంత్రం మీద రాసిన నివేదికతో ప్రచారం వచ్చింది. తెలుగునాట ఈ విద్యకు పునాది వేసినవారు యంత్రాలను తయారుచేసిన, బాగుచేసిన ఇంజనీర్లు. అందుకే ఈ చరిత్ర కర్మాగారంతో మొదలవుతుంది.

1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇసిఐఎల్) ఏర్పడింది. దాన్ని నిలబెట్టినవారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు. ట్రాంబేలోని అణు పరిశోధనా కేంద్రంలో 1969లో సిద్ధమైన టిడిసి-12 యంత్రం ఇసిఐఎల్ ఉత్పత్తిగా బయటికి వచ్చింది. ఆ తర్వాత 312, 316 నమూనాలు వచ్చాయి. మొదటిదాని పేరులోని 12 దాని పదం పొడవు: ఒక్కసారికి 12 బిట్లు. పన్నెండు బిట్లతో 4,096 వేర్వేరు సంఖ్యలు రాయవచ్చు.

ఆ తరం యంత్రాల్లో మెమరీ అంటే సన్నని తీగలకు పూసల్లా గుచ్చిన ఫెర్రైట్ వలయాలు. ఒక్కో వలయం ఒక్కో బిట్. అయస్కాంతత్వం ఒక దిశలో ఉంటే ఒకటి, ఎదురు దిశలో ఉంటే సున్న. చదవాలంటే వలయాన్ని సున్న వైపుకు నెట్టాలి. అది తిరగబడితే మరో తీగలో చిన్న విద్యుత్ స్పందన పుడుతుంది, అంటే అంతకుముందు అక్కడ ఒకటి ఉన్నట్టు. చదవడంతోనే ఆ సమాచారం చెరిగిపోతుంది గనుక వెంటనే తిరిగి రాయాలి. బిట్టును కంటితో చూడగలిగిన రోజులవి. ఈ విషయం నేర్చుకునేవారికి అంతకంటే మంచి పాఠం ఇప్పటికీ లేదు.

1978లో ఐబిఎం దేశం విడిచి వెళ్ళినప్పుడు దాని యంత్రాల మరమ్మతు బాధ్యత ప్రభుత్వ సంస్థ సిఎంసి మీద పడింది. సొంతంగా చేయని యంత్రాలను నడుస్తూ ఉంచాలంటే వాటి లోపలి దారులన్నీ తెలియాలి. ఆ అవసరం ఒక తరం ఇంజనీర్లను తయారుచేసింది.

ఇంజనీరింగ్ కాలేజీలకు ఈ విద్యను చేర్చినది 1976లో ఇంటెల్ విడుదల చేసిన 8085 మైక్రోప్రాసెసర్. దాని శిక్షణ కిట్టు మీద కొన్ని మీటలు, ఎర్రటి అంకెలు చూపే చిన్న పలక ఉంటాయి. విద్యార్థి పదహారు అంకెల (హెక్సాడెసిమల్) పద్ధతిలో 3ఇ 05, సి6 03, 32 50 20, 76 అని ఎనిమిది బైట్లు నొక్కుతాడు. మొదటి జత అక్యుములేటర్ అనే లెక్కల గదిలో 5 ఉంచమంటుంది, రెండోది దానికి 3 కలపమంటుంది. తర్వాతి మూడు బైట్లు ఫలితాన్ని 2050 చిరునామాలో రాయమంటాయి. చిరునామాలో చివరి భాగం ముందు వస్తుంది. 76 అంటే ఆగు. మొత్తం 32 గడియార స్పందనలు. సెకనుకు 30 లక్షల స్పందనల వేగంతో ఇదంతా సెకనులో దాదాపు లక్షో వంతులో ముగుస్తుంది. తర్వాత 2050 తెరిస్తే 08 కనిపిస్తుంది. ఎక్కడా మాయ లేదని అర్థమయ్యే క్షణమది.

అయితే కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి ఈ చదువు ఆలస్యంగా చేరువైంది. 1977లో విజయవాడ శివారు కానూరులో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. నందిగామ పక్కనే ఉన్న కంచికచర్లలో ఎంఐసి కాలేజీ రావడానికి 2002 దాకా పట్టింది. 2022 ఏప్రిల్ నుంచి నందిగామ, కంచికచర్ల ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి.

ఇదే జిల్లాలోని జగ్గయ్యపేట చుట్టుపక్కల కంప్యూటర్ చేసే పెద్ద పని సిమెంటు తయారీలో ఉంది. సున్నపురాతి నిల్వల వల్ల జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కెసిపి కర్మాగారాలు వెలిశాయి. సిమెంటు బట్టీలో పదార్థం సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. నేటి బట్టీలను నడిపే నియంత్రణ కంప్యూటర్లు ఉష్ణోగ్రత, పీడనం, ఇంధన ప్రవాహాలను చదువుతాయి, ఉండాల్సిన విలువతో పోలుస్తాయి, కవాటాలకూ మోటార్లకూ ఆజ్ఞలిస్తాయి, మళ్ళీ మొదటికొస్తాయి. యంత్రం ఇలా బయటి ప్రపంచాన్ని కనిపెట్టుకుని ఉంటూ నిర్ణీత సమయంలోగా స్పందించడాన్ని రియల్ టైమ్ పద్ధతి అంటారు. టిడిసి-12 కూడా రియల్ టైమ్ కంప్యూటరే.