ఎలక్ట్రానిక్ జనరంజక సంగీతం: మార్గదర్శకులు, వారసత్వం

3.4 ఉపోద్ఘాతం

ఎలక్ట్రానిక్ జనరంజక సంగీత చరిత్రను యంత్రాల చరిత్రగా చెప్పడం పరిపాటి. అయితే యంత్రం తయారైనంత మాత్రాన సంగీతం పుట్టదు. అది ఎవరి చేతికి చేరింది, వారి కృషిని ఎవరు కొనసాగించారు అనేవి కూడా పరిశీలించాలి. అప్పుడే 'మార్గదర్శకులు' అనే మాటకు సరైన అర్థం తెలుస్తుంది.

3.4.1 స్టూడియో దశ

తొలి దశలో ఈ పని పెద్ద సంస్థల స్టూడియోలలోనే ఎక్కువగా జరిగేది. 1958లో బి.బి.సి. లండన్‌లో రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌ను ప్రారంభించింది. 1963లో 'డాక్టర్ హూ' టెలివిజన్ ధారావాహికకు రాన్ గ్రైనర్ శీర్షిక సంగీతం రాశారు. వర్క్‌షాప్ ఉద్యోగి డెలియా డెర్బిషైర్ టేపు ముక్కలను కోసి, అతికించి దానికి ధ్వనిరూపం ఇచ్చారు. తెరపై మాత్రం ఆమె పేరు కాక వర్క్‌షాప్ పేరే వేశారు. ఆమె పేరు తెరపైకి రావడానికి 2013 వరకు పట్టింది.

1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్ తన సింథసైజర్‌ను ప్రదర్శించారు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో 1970లో ఏర్పడిన క్రాఫ్ట్‌వెర్క్ బృందం, 1974 నాటి 'ఆటోబాన్' ఆల్బమ్‌తో యంత్రధ్వనిని సామాన్య శ్రోతల వద్దకు చేర్చింది.

3.4.2 ఒకే యంత్రం, రెండు నగరాలు

జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ 1981లో టీబీ-303 అనే చిన్న యంత్రాన్ని తెచ్చింది. ఒంటరిగా సాధన చేసే గిటార్ వాద్యకారులకు బేస్ గిటార్ తోడును అందించడం దాని ఉద్దేశం. ఆ ధ్వని అసలు బేస్ గిటార్‌లా లేకపోవడంతో అమ్మకాలు సాగలేదు. 1984లో తయారీ ఆగిపోయింది.

1982లో బొంబాయి సినీ వాద్యకారుడు చరణ్‌జీత్ సింగ్ ఈ యంత్రంతో పది రాగాలను డిస్కో లయపై రికార్డు చేశారు. మన హిందోళానికి సమానమైన మాల్‌కౌన్స్ వాటిలో ఒకటి. ఆ రికార్డుకు అప్పట్లో ఆదరణ దక్కలేదు.

షికాగోలో ఫ్యూచర్ అనే నల్లజాతి యువకుల బృందం చవకగా దొరికిన పాత టీబీ-303ను కొని, వాయిస్తూనే దాని నాబ్‌లను ఇష్టమొచ్చినట్టు తిప్పి కొత్త ధ్వనిని రాబట్టింది. 1987లో వెలువడిన వారి 'యాసిడ్ ట్రాక్స్' నుంచి 'యాసిడ్ హౌస్' అనే శైలి రూపొంది, మరుసటి ఏడాదికి బ్రిటన్ యువతను ఉర్రూతలూగించింది.

3.4.3 ముగింపు

సింగ్ రికార్డు 2010లో తిరిగి విడుదలైనప్పుడు, యాసిడ్ హౌస్‌కు ఆద్యుడు ఆయనేనని కొందరు రాశారు. ధ్వనిలో పోలిక ఉన్నమాట నిజమే. కానీ షికాగో యువకులు ఆ రికార్డు విన్నారనడానికి ఆధారం లేదు. కాబట్టి కాలక్రమంలో సింగ్ ముందున్నా, ఆ శైలి వారసత్వం షికాగో నుంచే సాగింది. డెర్బిషైర్ విషయంలో ప్రభావం ఉంది, గుర్తింపు ఆలస్యమైంది. ముందుండటం, ప్రభావం చూపడం, గుర్తింపు పొందడం అనే మూడింటినీ విడివిడిగా నిర్ధారించడం చరిత్ర విద్యార్థి బాధ్యత.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. టీబీ-303 మార్కెట్లో విఫలమవడం షికాగో సంగీతకారులకు ఎలా ఉపకరించింది?
2. చరణ్‌జీత్ సింగ్‌ను యాసిడ్ హౌస్ ఆద్యుడిగా పరిగణించవచ్చా? చర్చించండి.